పానగల్లు నీడకు లైసెన్స్ అక్కర్లేదు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను డ్రాగన్ లేకుండా ఆడదాం అని నేను అన్నప్పటి నుంచి మా గుంపు రెండు పార్టీలుగా చీలింది. ఒక పార్టీకి మా బావమరిది లీడరు. "బావా, ఆట పేర్లనే డ్రాగన్ ఉంది గదా, అదే లేకపోతే ఇంకేం ఆడుతం?" అంటాడు. రెండో పార్టీలో నేనూ, డిగ్రీ చదివే మా మేనకోడలూ. మెడికల్ షాపు నడిపే మా దోస్తు మాత్రం ఆ పూట ఎవరు ఛాయ్ తాగిస్తే వాళ్ల వైపు. ఆదివారాలు నల్లగొండలో మా ఇంటి పై గదిలో కూర్చుని మంత్రాలు, కత్తులు, పాడుబడ్డ కోటలు అంటూ గంటల తరబడి మాట్లాడుకునే మనుషులం మేము. మా అమ్మ "ఇంత వయసొచ్చినా ఏం ఆటలురా ఇవి" అని తిడుతూనే కింద నుంచి మిర్చి బజ్జీలు పంపిస్తుంది.

తెలియనివాళ్ల కోసం ఆట ఏంటో చెప్పేస్తా. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, బలమెంత, తెలివెంత, ఏ విద్య వచ్చు అని ఒక కాగితం మీద రాసుకుంటారు. కథ నడిపేవాడు "ముందర గోడ ఉంది, అవతల కుక్కలు మొరుగుతున్నయ్, ఏం చేస్తరు?" అంటాడు. దుంకుత అంటే సరిపోదు, ఇరవై ముఖాల పాచిక వేయాలి, వచ్చిన అంకెకు నీ పాత్ర సత్తువ కలపాలి, గోడ ఎత్తును బట్టి కథ నడిపేవాడు పెట్టుకున్న అంకెకు అది చేరితే దుంకినట్టు, లేకపోతే కుక్కల మధ్యన పడ్డట్టు. అక్కడి నుంచి ఏమవుతుందో కథ నడిపేవాడికి కూడా ముందు తెలియదు. మజా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు నా వాదన. మనం ఆడే లోకాన్ని ఎవరి సొత్తూ కాని పుస్తకాల నుంచి, మన చుట్టుపక్కల ఉన్న గుట్టల నుంచి, గుళ్ల నుంచి, చెరువుల నుంచి కట్టుకోవాలి. కట్టుకున్నాక దాన్ని కూడా అట్లాగే, ఎవరి సొత్తూ కాకుండా, అందరికీ వదిలేయాలి. భాషాభిమానం అనుకుంటారేమో, అది ఉంటే ఉండనీ, నాకు అసలు సమస్య అద్దె ఇంటి సమస్య. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి.

ఓనర్ ఏం చేయగలడో 2023 జనవరిలో అందరూ చూశారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. 1997లో ఆ ఆటను అచ్చేసే కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొన్నది, 1999లో ఆ విజార్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొన్నది. 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ అని ఒకటి పెట్టి, మా నియమాల మీద మీ కథలు మీరు రాసుకోండి, అమ్ముకోండి అన్నారు. ఆ మాట నమ్మి ఇరవై ఏళ్లకు పైగా ఎంతోమంది చిన్న చిన్న పబ్లిషర్లు బతికారు. 2023 జనవరి మొదట్లో కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. పాత లైసెన్స్ ఇక చెల్లదట, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం దాకా వాళ్లకు కట్టాలట, పైగా మీరు రాసింది వాళ్లు వాడుకోవచ్చట. జనం మండిపడ్డారు, చందాలు రద్దు చేసుకున్నారు, నెల తిరగకముందే జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గి దాదాపు నాలుగు వందల పేజీల మూల నియమాల పత్రాన్ని, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేసింది. దాన్ని ఇక వెనక్కి తీసుకునే వీలు లేదు.

ఫ్యాన్స్ గెలిచారు, నిజమే. నేనూ ఆ రోజు స్వీట్లు పంచినంత పని చేశాను. కానీ వాళ్లు గెలిచింది నియమాలను. లోకాన్ని కాదు.

"మనం ఇంట్ల ఆడుకునేదానికి లైసెన్స్‌తోని ఏం పనిరా?" అని మా దోస్తు అడిగాడు. ఇంట్లో ఆడుకోవడానికి ఎవడి పర్మిషనూ అక్కర్లేదు. అయితే ఈ ఆట ఆడేవాళ్లు ఆడి ఊరుకోరు కదా! మా మేనకోడలు నోట్‌బుక్ చూడండి, సగం క్లాసు నోట్సు, సగం కోటల మ్యాపులు. తన పాత్రకు చిన్నప్పుడు ఏం జరిగిందో ఆరు పేజీలు రాసి నాకు వాట్సాప్‌లో పంపుతుంది, బొమ్మలు వేస్తుంది, మొన్న పాట కూడా కట్టింది. ఇది నలుగురికీ పంచాలనిపిస్తుంది, పుస్తకంగా వేయాలనిపిస్తుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్. ఫలానా దేశం పేరు వాడొచ్చా, ఫలానా రాక్షసి వాళ్లదేనా, ఈ మాంత్రికుడు నాదేనా అని.

ఆ టెన్షన్ ఆ ఆట తెచ్చినవాళ్లకూ తప్పలేదు. మొదటి పుస్తకాల్లో హాబిట్లు, ఎంట్లు అని ఇంగ్లిష్ నవలాకారుడు టోల్కీన్ తన కథల్లోని జాతులకు పెట్టిన పేర్లు నేరుగా వాడేశారు, హక్కుదారుల నుంచి అభ్యంతరం వచ్చాక హాబిట్ కాస్తా హాఫ్‌లింగ్ అయింది, ఎంట్ ట్రీఎంట్ అయింది. టోల్కీన్ 1973లో చనిపోయాడు కాబట్టి మన దేశంలో ఆయన రాతల మీద హక్కులు 2033 చివరి దాకా ఉంటాయి. అప్పటికి మా మేనకోడలికి పెళ్లయి పిల్లలుంటారు.

నియమాల సంగతి వేరు. పాచిక వేసి అంకె కలపడం అనే పద్ధతి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, దాన్ని వివరిస్తూ రాసిన వాక్యాల మీదే ఉంటుంది. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఇదే దారిలో చెప్పింది: ఆలోచన మీద, ఇతివృత్తం మీద, చారిత్రక, పురాణ విషయాల మీద కాపీరైట్ లేదు, వాటిని ఒకరు చెప్పిన తీరు మీద ఉంటుంది. కాబట్టి మేము ఇరవై ముఖాల పాచిక పక్కన పెట్టి గవ్వలకు మారాం. నాలుగు గవ్వలు వేస్తే పదహారు రకాలుగా పడతాయి. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడే అవకాశం పదహారింట ఆరు, నాలుగూ వెల్లకిలా పడేది పదహారింట ఒకటి, నాలుగూ బోర్లా పడేదీ అంతే. (గవ్వ రెండు వైపులా ఒకేలా ఉండదు, అందుకని ఇది కాగితం మీది లెక్కే.) పాచికలో ఒకటి పడాలన్నా పదకొండు పడాలన్నా ఇరవై పడాలన్నా అవకాశం ఒకటే, ఐదు శాతం. గవ్వల్లో అట్లా కాదు, మామూలు ఫలితం మాటిమాటికీ వస్తుంది, అష్టా గానీ చెమ్మ గానీ, అంటే నాలుగూ ఒకే తీరుగా, పడిందంటే గది దద్దరిల్లుతుంది. పడినవాడికి ఇంకో పందెం. ఈ రూలు మా నాయనమ్మ అష్టాచెమ్మ నుంచి తెచ్చుకున్నాం, అడగాల్సిన ఓనర్ ఎవరూ లేరు.

మరి లోకం ఎక్కడి నుంచి? గైగాక్స్ కూడా గాల్లోంచి పుట్టించలేదు. 1979లో వచ్చిన తన పుస్తకం చివర, ఏయే రచయితల నుంచి స్ఫూర్తి పొందాడో ఒక జాబితా ఇచ్చాడు. అంటే ఆయన ఏం చదివాడో అదే ఆడాడు. మనం మాత్రం ఆయన చదివింది ఆడుతున్నాం. నాకు ఇక్కడే మండుతుంది.

మన జాబితాలో మొదటి పేరు నాకైతే కాశీ మజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసినవి, ఆయన 1928లో పోయారు, హక్కుల గొడవ ఎప్పుడో తీరిపోయింది. పాతాళ భైరవి సినిమా కథకు మూలం అందులోదే అంటారు. కానీ నాకు ఆ కథల కంటే వాటిని నడిపిన పద్ధతి ఇష్టం. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుగా ఒక పశువుల కాపరి పిల్లాణ్ణి తీసుకుపోతాడు. పిల్లాడు ఊరికే రాడు, దారిలో నాకు కనిపించిన వింతల కథ నువ్వు చెప్పాలి అని షరతు పెడతాడు. మజిలీ చేసిన ప్రతి చోటా వాడు ఊళ్లో తిరిగొచ్చి ఒక వింత పట్టుకొస్తాడు, అక్కడి నుంచి కథ మొదలు. మా ఆట కూడా అచ్చం ఇంతే! ఆడేవాడి ఆరా మీద కథ నడవాలి, కథ నడిపేవాడు ముందే అంతా రాసుకొచ్చి అప్పజెప్పకూడదు. అమెరికా పుస్తకాలు పేజీలకు పేజీలు ఇచ్చి నేర్పే ఈ సంగతి ఆ కాపరి పిల్లాడి షరతులోనే ఉంది.

"అవి మన దేవుళ్ల కథలు, మన పెద్దోళ్ల కథలు, ఇష్టమొచ్చినట్టు మారిస్తే ఎట్ల?" అని ఒక పెద్దాయన నన్ను గట్టిగానే అడిగాడు. ఆయనకు నేను చెప్పింది మా పాలమూరు సంగతే. రంగనాథ రామాయణం అని గోన బుద్ధారెడ్డి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం ఉంది. ఆ గోన వంశం ఏలింది వర్ధమానపురం, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాను. మనమంతా చిన్నప్పుడు విన్న ఉడుత భక్తి కథ వాల్మీకిలో లేదు, ఇందులో ఉంది. కాలనేమి కథ, సులోచన కథ కూడా అంతే. మాయాబజార్ చూసి మురిసిపోతాం కదా, ఆ శశిరేఖ వ్యాసుడి భారతంలో కనిపించదు. లక్ష్మణుడు అడవికి పోతే ఊర్మిళ ఏం చేసింది అని ఆడవాళ్లు పాటలే కట్టుకున్నారు. కథను ప్రేమించినవాడు దాంట్లో చెయ్యి పెట్టకుండా ఉండలేడు, పెట్టాడు కాబట్టే ఉడుత వీపు మీద చారలు వచ్చాయి. ఈ రోజుల్లో దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అని చిన్నచూపు చూస్తారు. పెద్దాయన ఒప్పుకోలేదు. "గుడిని మాత్రం ఆటల పెట్టకుండ్రి" అని వెళ్లిపోయాడు. ఆ మాట నేను తీసుకున్నాను, మా ఆటలో గుళ్లకు అసలు పేర్లు ఉండవు.

గుడి అంటే గుర్తొచ్చింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడనివాళ్లు నల్లగొండలో తక్కువ. కందూరు చోడ రాజుల నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడుస్తూ పోతాడు, లింగం వెనక గోడ మీద స్తంభం నీడ మాత్రం పగలంతా కదలదు. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, చాలా స్తంభాల మీద పడి చెదిరిన వెలుతురు కలిసి చేసే పని. నేను దాన్ని పట్టుకుని ఒక కథ పెట్టాను: ఒక ఊళ్లో పొద్దున లేచేసరికి ఒక్కొక్కరికీ నీడ మాయమవుతోంది, నీడ పోయినవాణ్ణి ఇంటివాళ్లే మర్చిపోతున్నారు, చెరువు కట్ట కింది పాడుగుళ్లో మాత్రం ఒక నీడ రోజురోజుకూ లావవుతోంది.

మా మేనకోడలి పాత్ర నీరటి. చెరువు తూము తెరిచి ఏ మడికి ఎంత నీళ్లో వదిలే మనిషి. అమెరికా పుస్తకంలో యోధుడు ఉంటాడు, మాంత్రికుడు ఉంటాడు, నీరటి ఉండదు. గుడి చుట్టూ నీడలు కమ్ముకున్నప్పుడు బావమరిది కత్తి తీశాడు, నీడను కత్తి ఏం చేస్తుంది? దోస్తు కషాయం కాచాడు, అదీ పారలేదు. అప్పుడు ఈ పిల్ల అంటుంది, "మామా, నేను తూము తెరుస్త. గుడి చుట్టూ నీళ్లు నిల్చినంక ఎండ నీళ్ల మీద పడి లోపటికి కొడ్తది, నీడ ఎట్ల నిలుస్తదో చూస్త." తూము తెరిస్తే కింద కోతకొచ్చిన వరి మునుగుతుంది అన్నాను. "సగం తెరుస్త" అంది. గవ్వలు వేసింది. మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా. సగం పొలం మునిగింది, సగం నీడ చెదిరింది, ఊరంతా ఆమె మీదికి కొట్లాటకు వచ్చింది, ఆ తర్వాతి రెండు ఆదివారాలు పంచాయతీతోనే సరిపోయాయి. డ్రాగన్‌ను చంపి బంగారం తెచ్చుకున్న ఏ కథా మాకు ఇంత గుర్తులేదు. బావమరిది కూడా ఆ పంచాయతీలో గొంతు పోయేదాకా వాదించాడు, అయినా ఒప్పుకోడు.

ఇట్లాంటి లోకం కట్టాలంటే చిన్న చిన్న వివరాలు కావాలి: ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్ను కట్టారు. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను మించింది నాకు దొరకలేదు. గద్వాల ప్రాంతం మనిషి, గోలకొండ పత్రిక నడిపినవాడు, ఆ పుస్తకానికి 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాజుల యుద్ధాలు కాకుండా మామూలు జనం బతుకు ఎట్లా ఉండేదో పాత కావ్యాలను జల్లెడ పట్టి ఏరి పెట్టాడు. కథ నడిపేవాడికి ఇది బంగారు గని. ఆయన 1953లో పోయారు కాబట్టి 2014 జనవరి 1 నుంచి అది అందరిదీ. రుద్రమదేవి కాలంలో బందిపోటు వేషంలో తిరిగే గోన గన్నారెడ్డి మీద అడివి బాపిరాజు నవల రాశారు, ఆయన 1952లో పోయారు, అది కూడా మనదే. కోటలకైతే లోటే లేదు. రేచర్ల పద్మనాయకుల రాచకొండ, దేవరకొండ, ఏకశిల మీది భువనగిరి, కోయిలకొండ... ఒక్కో కోటకు ఒక్కో ఏడాది ఆట.

అయితే పాతది కనిపిస్తే చాలు ఫ్రీ అనుకునేవాళ్లు మన గుంపుల్లో చాలామంది, వాళ్లతో నాకు పడదు. మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, ఆ లెక్క పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి మొదలు. మొదట యాభై ఏళ్లే ఉండేది, 1941లో పోయిన టాగోర్ రాతల హక్కులు 1991తో ముగియబోతుంటే ఇంకో పదేళ్లు పెంచారు. దాశరథి రంగాచార్య 2015లో పోయారు, అంటే ఆయన నవలలు 2075 చివరి దాకా ఫ్రీ కాదు, కొనుక్కునే చదవాలి. పాత కావ్యం ఫ్రీనే, కానీ నిన్న మొన్న ఒక పండితుడు దానికి రాసిన టీకా ఫ్రీ కాదు. ఎవరో స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు కాబట్టి వాడుకోవచ్చు అనుకోవడం, ఎవరో గేటు తీసి పెట్టారు కాబట్టి ఇల్లు మనదే అనుకోవడం లాంటిదే. పుస్తకం రాసి బతికేవాడి కడుపు కొట్టి మన ఆట సాగనక్కర్లేదు, చచ్చిపోయి అరవై ఏళ్లు దాటినవాళ్లే కావలసినంత వదిలి పోయారు.

ఇంకో చిక్కు ఉంది, ఇది చట్టం కంటే పెద్దది. పాత పుస్తకాల్లో కులం ఉంటుంది. రాజకుమారి అంటే గెలిచినవాడికి బహుమతి. అడవి మనుషులంటే అయితే అమాయకులు, లేదా బలి ఇచ్చేవాళ్లు. నల్లమలలో, అమ్రాబాద్ వైపు చెంచులు మన కళ్ల ముందు బతుకుతున్న మనుషులు, వాళ్లను తెచ్చి ఆటలో రాక్షసుల గుంపు చేస్తామా? నేను చేయను. ఆ అమెరికా ఆటకూ ఇదే తలనొప్పి వచ్చింది, పుట్టుకతోనే దుర్మార్గులైన జాతులు ఏంటని ఏళ్ల తరబడి గొడవ పడి, 2024 పుస్తకంలో రేస్ అనే మాట తీసేసి స్పీషీస్ అని పెట్టుకున్నారు. వాళ్లు మార్చేదాకా ఆడేవాళ్లు ఎదురుచూశారు. ఓనర్ లేని కథలో ఎదురుచూడాల్సిన పని లేదు. మా మేనకోడలు మొదటి రోజే "నేను రాజకుమారి గాను" అంది, అంతటితో మా రాజ్యంలో స్వయంవరాలు రద్దయ్యాయి.

ఉచితంగా దొరికే ఈ పుస్తకాలు చెట్టుకు కాయవు, ఇది కూడా చెప్పాలి. పాత పుస్తకాలను టైపు చేసి అందరికీ ఉచితంగా పెట్టే వెబ్‌సైట్ తెలుగు వికీసోర్స్‌లో పని చూసినవాళ్లకు తెలుసు. ఒక పక్క స్కాన్ చేసిన పేజీ, ఇంకో పక్క టైపు చేసిన పాఠం. కంప్యూటర్ చదివి ఇచ్చిన పాఠంలో వత్తులు మాయమవుతాయి, అరసున్న సున్నా అవుతుంది, బండి ఱ ఇంకేదో అవుతుంది. ఒకరు కూర్చుని దిద్దితే పేజీ ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది, ఇంకొకరు మళ్లీ చూసి సరే అంటేనే ఆకుపచ్చ. డబ్బులు ఎవరూ ఇవ్వరు. నల్లగొండ జిల్లావాడే వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన పోయింది 1961లో, అంటే 2022 నుంచి ఆయన ప్రజల మనిషి నవల కూడా ఎవరైనా టైపు చేసి పెట్టొచ్చు. మా గుంపులో రూలు పెట్టాను, ఆటకు పది పేజీలు వాడుకుంటే ఒక పేజీ దిద్దాలి. దోస్తు గొణుగుతూనే షాపులో గిరాకీ లేనప్పుడు దిద్దుతున్నాడు, మందుల చీటీలు చదివే కళ్లు కదా, నాకంటే తప్పులు బాగా పట్టుకుంటాడు.

నీడల కథను ఇప్పుడు చిన్న పుస్తకంగా చేస్తున్నాం: ఊరి మ్యాపు, నీరటి పాత్ర, గవ్వల రూళ్లు, పంచాయతీలో ఎవరు ఏ వైపు వాదించొచ్చో అన్నీ. పేరు చెప్పి ఎవరైనా ఎట్లాగైనా వాడుకోవచ్చు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెడదామని నేను. మార్చుకున్నవాళ్లు కూడా అట్లాగే ఉచితంగా వదలాలనే షరతు కావాలని దోస్తు. నాకు షరతు ఇష్టం లేదు. ఎవరో గద్వాలలో దాన్ని తీసుకుని, చెరువు తీసేసి కృష్ణానది పెట్టి, అచ్చేసి వంద రూపాయలకు అమ్ముకుంటే అమ్ముకోనీ. మేనకోడలు మాత్రం చెరువు తీసేస్తే తీసేయనీ, నీరటిని తీసేస్తే ఊరుకోను అంటోంది, అట్లాంటి లైసెన్స్ ఉందేమో వెతుకుతోంది. బావమరిది మూడో అధ్యాయంలో చెరువు అడుగున నిద్రపోతున్న ఒక పెద్ద పాము రాసి పంపాడు, దానికి రెక్కలున్నాయి. ఈ రెండూ తేలితే పీడీఎఫ్ పెట్టేస్తాం.